పేగుల్లో పుట్టి జన్యువుల దాకా

మొగల్తూరు దాటి పేరుపాలెం వైపు పోతుంటే రోడ్డుకి రెండు పక్కలా రొయ్యల చెరువులు కనిపిస్తాయి. మేత వేసిన కొంతసేపటికి రైతు చెక్ ట్రే పైకి లాగి, మేత ఎంత మిగిలిందో చూసుకుంటాడు. తర్వాత ఒక రొయ్యని తీసి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటాడు. వెనామీ రకం రొయ్య పెంకు పల్చన, లోపలిదంతా పైకి తెలుస్తుంది. తల దగ్గర్నుంచి తోక దాకా వీపు వెంట ఒక ముదురు గీత ఉంటుంది. అదే దాని పేగు. గీత నిండుగా, తెగకుండా ఉంటే మేత ఒంటబడుతున్నట్టు. మధ్యమధ్య తెగినా, తెల్లబడినా రైతు మొహం మారిపోతుంది. ‘వైట్ గట్’ తగిలిందేమోనని అతని భయం. గట్టు మీద డ్రమ్ములో బెల్లం, తవుడు, ఈస్టు, ప్రొబయోటిక్ పొడి కలిపి రాత్రంతా పులియబెడతారు. తెల్లారేసరికి పుల్లటి వాసనతో నురగ కట్టి ఉన్న ఆ ద్రావణాన్ని చెరువులో చల్లుతారు, కొంత మేతకి పట్టిస్తారు. పేగులో మంచి బాక్టీరియా కుదురుకుంటే జబ్బు తెచ్చే విబ్రియో బాక్టీరియాకి చోటు తగ్గుతుందని వాళ్ళ ఆశ.

పేగులో ఏ బాక్టీరియా ఉందన్నదాని మీద పంట ఆధారపడి ఉంటుందని ఈ రైతుకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. మనిషి పేగు గురించి శాస్త్రం ఆ మాట గట్టిగా అనడం ఈమధ్యనే మొదలైంది. అంతటితో ఆగలేదు కూడా. మన పేగుల్లోని బాక్టీరియా తయారుచేసే రసాయనాలు పేగు గోడ దాటి, మన కణాల్లోకి వెళ్ళి, ఏ జన్యువు పనిచెయ్యాలో ఏది ఊరుకోవాలో నిర్ణయించడంలో పాలుపంచుకుంటాయని చెబుతోంది. ఈ అధ్యాయం దాని గురించే.

ముందు లెక్కలు రెండు చూద్దాం. సగటు మనిషి ఒంట్లో బాక్టీరియా కణాలు సుమారు 38 లక్షల కోట్లని 2016లో అంచనా వేశారు. వాటిలో దాదాపు అన్నీ పెద్దపేగులోనే ఉంటాయి. 2010లో 124 మంది యూరోపియన్ల మలాన్ని పరీక్షించి 33 లక్షల సూక్ష్మజీవి జన్యువుల జాబితా తయారుచేశారు. మనిషి సొంత జన్యువులు 20 వేలకి అటూ ఇటూ. మనకి చేతకాని రసాయనిక చర్యలు ఎన్నో ఆ సూక్ష్మజీవులకి చేతనవును. మన ఎంజైములు తెంచలేని పీచుని అవి తెంచుతాయి. మనం తయారుచేసుకోలేని విటమిన్లని అవి తయారుచేస్తాయి.

ఆ విటమిన్ల దగ్గరే కథ ఈ చెరువులున్న మన జిల్లాలోకి వస్తుంది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువు రాజమండ్రిలో, మద్రాసులో సాగింది. మద్రాసు వైద్య కళాశాలలో ఉన్నప్పుడు గాంధీ పిలుపు విని ఖద్దరు కట్టారు. ఆంగ్లేయుడైన ప్రొఫెసరుకి అది నచ్చలేదు. చివరికి ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. డిగ్రీతో బయటికొచ్చారు. ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది మాత్రం డిగ్రీ కాదు, ఒక పేగు జబ్బు. దాని పేరు స్ప్రూ. ఉష్ణ దేశాల్లో వచ్చే ఈ జబ్బులో విరేచనాలు ఆగవు, తిన్నది ఒంటబట్టదు, నాలుక పూస్తుంది, రక్తం పల్చబడుతుంది, మనిషి శల్యమైపోతాడు. దీనికి ఆయన అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాతో బలైపోయారు. ఆయనకీ అదే జబ్బు వచ్చింది. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సతో బతికి బయటపడ్డారు. తర్వాత ఆ లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణశాస్త్రం చెప్పారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం, అనపర్తిలోని మామగారి సాయం తీసుకుని 1920ల మొదట్లో బోస్టన్‌లో హార్వర్డ్‌కి చేరారు.

అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి చేసిన పనులు జీవరసాయన శాస్త్రం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాయి. వాటిలో ఒకటి ఏటీపీ. కణం తన పనులన్నిటికీ ఖర్చుపెట్టే శక్తి ఈ అణువులోనే దాగి ఉంటుంది. దాని గురించి వాళ్ళు 1929లో ప్రకటించారు. ఈ పేరు కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

1940లో సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలకి వెళ్ళి, పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. అప్పటికి కాలేయంలో, ఈస్టులో, ఆకుకూరల్లో రక్తహీనతని తగ్గించే పదార్థం ఏదో ఉందని తెలుసు. 1931లో డాక్టర్ లూసీ విల్స్ బొంబాయిలో గర్భిణుల రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతోందని చూపించారు. 1941లో అమెరికా శాస్త్రవేత్తలు టన్నుల కొద్దీ పాలకూర నుంచి ఆ పదార్థాన్ని కొంత శుద్ధిచేసి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. లెడర్లీ బృందం దాన్ని పట్టుకోవడానికి బాక్టీరియానే వాడుకుంది. ఫోలిక్ ఆమ్లం లేకపోతే లాక్టోబాసిల్లస్ కేసియై అనే బాక్టీరియా పెరగదు. ఏ సీసాలో అది బాగా పెరిగితే ఆ సీసాలో ఫోలిక్ ఆమ్లం ఉన్నట్టు. ఈ విటమిన్‌ని కాలేయం నుంచే కాక వేరే బాక్టీరియా పులియబెట్టిన ద్రావణం నుంచి కూడా తీశారు. అంటే ఒక బాక్టీరియా తయారుచేస్తుంది, ఇంకో బాక్టీరియా దాని మీద బతుకుతుంది. ఇవాళ మన పేగుల్లో జరుగుతున్నదని శాస్త్రవేత్తలు చెబుతున్నది కూడా ఇదే. 1945లో ఆ బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ వెంటనే టామ్ స్పైస్ అనే వైద్యుడు, ఇతరులు క్యూబా, పోర్టోరికోల్లో స్ప్రూ రోగులకి ఇచ్చి చూశారు. చూస్తుండగానే రోగులు కోలుకున్నారు.

ఉష్ణమండల స్ప్రూకి ఇవాళ్టికీ రెండు మందులు కలిపి ఇస్తారు. ఒకటి ఫోలిక్ ఆమ్లం, రెండోది టెట్రాసైక్లిన్ అనే యాంటిబయోటిక్. ఈ జబ్బులో చిన్నపేగులో ఉండకూడనంత బాక్టీరియా చేరుతుంది, పేగు లోపలి పొర దెబ్బతింటుంది, ఫోలేట్ (తిండిలో ఉండే ఫోలిక్ ఆమ్లం రూపం) ఒంటబట్టదు. అందుకని టెట్రాసైక్లిన్ బాక్టీరియాని అణుస్తుంది, ఫోలిక్ ఆమ్లం లోటు పూడుస్తుంది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ని 1945లో బెంజమిన్ డగ్గర్ కనిపెట్టింది లెడర్లీలోనే, సుబ్బారావు అధిపతిగా ఉన్నప్పుడే. అన్నదమ్ముల్ని పొట్టనపెట్టుకున్న జబ్బుకి అవసరమైన రెండు మందులూ ఆయన నడిపిన ప్రయోగశాల నుంచే వచ్చాయి. ఈ సంగతి మన బడి పుస్తకాల్లో ఉండాల్సినంత స్పష్టంగా లేదని నాకు బాధ. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో ఆయన పోయారు. అప్పటికి ఆయన వయసు 53.

ఫోలిక్ ఆమ్లం రక్తహీనత మందుగా పేరు తెచ్చుకుంది గాని, కణంలో దాని అసలు ఉద్యోగం వేరు. ఒక కార్బన్ పరమాణువుని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసుకెళ్ళి అప్పజెప్పడం దాని పని. ఆ కార్బన్, దానికి అంటుకున్న మూడు హైడ్రోజన్లు కలిసి మిథైల్ సమూహం. ఫోలేట్ దాన్ని బీ12 విటమిన్‌కి అందిస్తుంది. బీ12 నుంచి అది మెథియొనీన్‌లోకి, చివరికి డీఎన్ఏ మీదికి చేరుతుంది. జన్యువు మొదట్లో మిథైల్ గుర్తులు దట్టంగా పడితే సాధారణంగా ఆ జన్యువు మూగబోతుంది. అక్షరం ఒక్కటీ మారదు, జన్యువు మాత్రం చదవబడదు.

2003లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ వాటర్‌లాండ్, రాండీ జర్టిల్ చేసిన ప్రయోగం ఈ విషయంలో చాలా పేరు పొందింది. అగూటీ అనే జన్యువు అదేపనిగా పనిచేసే ఎలుకలు పసుప్పచ్చగా, బొద్దుగా ఉంటాయి. కడుపుతో ఉన్న తల్లి ఎలుకలకి మేతలో ఫోలిక్ ఆమ్లం, బీ12, కోలీన్, బీటైన్ కలిపి పెట్టారు. పుట్టిన పిల్లల్లో చాలా వాటికి గోధుమరంగు వచ్చింది. జన్యువు అదే. తల్లి తిన్న తిండి వల్ల దాని మీద మిథైల్ గుర్తులు పెరిగాయి.

ఇక్కడే బాక్టీరియా ప్రమేయం ఉంది. బైఫిడోబాక్టీరియాలో కొన్ని జాతులు ఫోలేట్ తయారుచేస్తాయి. పేగు బాక్టీరియా చేసిన ఫోలేట్ ఒంట్లోకి చేరి కణజాలంలో కలుస్తుందని ఎలుకల్లో 1990ల మొదట్లో రుజువైంది. బాక్టీరియా ఇచ్చినట్టే లాక్కుంటుంది కూడా. కోలీన్ అనే పోషకం గుడ్డు పచ్చసొనలో, చేపలో, కాలేయంలో ఎక్కువ. అదీ మిథైల్ సమూహాల్ని ఇచ్చేదే. కోలీన్‌ని తినేసే బాక్టీరియా పేగులో ఉన్న ఎలుకల్లో డీఎన్ఏ మీద మిథైల్ గుర్తుల తీరు మారిపోయిందని, ఆ తల్లుల పిల్లల ప్రవర్తనలోనూ తేడా వచ్చిందని 2017లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ బృందం చూపించింది. తినేది ఒకటే అయినా, పంక్తిలో ముందు కూర్చున్నదెవరన్నదాన్ని బట్టి మన కణాలకి అందే వాటా మారుతుంది.

బీ12 కథ ఇంకా విచిత్రం. దాన్ని మొక్కలూ తయారుచెయ్యలేవు, జంతువులూ తయారుచెయ్యలేవు. బాక్టీరియాకి, దాని దగ్గరి సూక్ష్మజీవులకి మాత్రమే ఆ విద్య తెలుసు. మన పెద్దపేగులో బీ12 తయారవుతుంది. కానీ అది ఒంటబట్టే చోటు చిన్నపేగు చివర. అప్పటికే ఆ చోటు దాటిపోయింది కనుక పెద్దపేగులో చేసింది మనకి దాదాపు అందదు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో స్ప్రూ మీద ఏళ్ళ తరబడి పనిచేసిన మథన్, బేకర్ బృందం 1980లో ఇంకో సంగతి బయటపెట్టింది. ఆరోగ్యంగా ఉన్న దక్షిణ భారతీయుల చిన్నపేగులో ఉండే కొన్ని బాక్టీరియాలు బీ12 తయారుచెయ్యగలవని వాళ్ళు చూపించారు. అలాగని వాటినే నమ్ముకోలేం. మన దేశంలో శాకాహారుల్లో బీ12 లోపం విపరీతం. పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం గర్భిణుల్ని, వాళ్ళ పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చింది. తల్లికి ఫోలేట్ ఎక్కువగా ఉండి బీ12 తక్కువైతే, ఆరేళ్ళ వయసులో పిల్లల్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యని లక్షణం ఎక్కువగా కనిపించిందని 2008లో తెలిపింది. ఒకటి ఇచ్చి రెండోది మరిచిపోతే మిథైల్ సమూహం మధ్యలోనే చిక్కుకుపోతుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధనా సంస్థలో గిరిరాజ్ చాందక్ బృందం, పుణె వారితో కలిసి, బీ12 మాత్రలు వాడాక మధుమేహానికి సంబంధించిన కొన్ని జన్యువుల మీద మిథైల్ గుర్తులు మారాయని 2018లో ప్రచురించింది. ఇది ఎలుకల్లో కాదు, మన మనుషుల్లో చూసిన మార్పు.

మిథైల్ దారి ఇలా ఉంటే రెండో దారి పీచు నుంచి మొదలవుతుంది. నాకు ఇదే ఎక్కువ ఆసక్తికరం.

అరగని పిండిపదార్థం, పీచు పెద్దపేగుకి చేరితే అక్కడి బాక్టీరియా వాటిని పులియబెట్టి మూడు చిన్న ఆమ్లాలు తయారుచేస్తుంది. అవి అసిటేట్, ప్రొపియొనేట్, బ్యూటిరేట్. ముక్కిపోయిన వెన్న వాసన మీకు తెలుసు కదా, అది బ్యూటిరిక్ ఆమ్లం వాసనే. ఫీకాలిబాక్టీరియం, రోసెబ్యూరియా అనే జాతులు దీన్ని దండిగా చేస్తాయి. పెద్దపేగు లోపలి పొర కణాలకి కావలసిన శక్తిలో సుమారు 70 శాతం ఈ బ్యూటిరేటే ఇస్తుందని 1980లో రోడిగర్ అంచనా కట్టాడు. సూక్ష్మజీవులు బొత్తిగా లేకుండా పెంచిన ఎలుకల్లో ఈ కణాల ఏటీపీ పడిపోయి, ఆకలికి తమని తాము తినేసుకుంటున్నాయని 2011లో తేలింది. బ్యూటిరేట్ ఇవ్వగానే తేరుకున్నాయి. సుబ్బారావు పట్టుకున్న అణువుతోనే ఈ కొలత జరిగింది.

ఇప్పుడు జన్యువు సంగతి. ఒక్క కణంలోని డీఎన్ఏని చాపితే దాదాపు రెండు మీటర్లు. అంత పొడుగు దారం కణకేంద్రంలో ఇమడాలంటే హిస్టోన్లనే ప్రొటీన్ల చుట్టూ బిగించి చుట్టాలి. నర్సాపురం, మొగల్తూరు వైపు లేసు అల్లే ఆడవాళ్ళ ఒళ్ళో దారపు ఉండ ఉంటుంది. ఉండ బిగుసుకుపోతే కుట్టుపుల్లకి దారం అందదు, వదులు చేసుకోవాలి. హిస్టోన్ల మీద అసిటైల్ సమూహాలు అంటుకుంటే అలా చుట్ట వదులై ఆ చోటి జన్యువు చదవడానికి అందుతుంది. అవి ఊడిపోతే మళ్ళీ బిగుస్తుంది. హిస్టోన్ల అసిటైల్ గుర్తులకీ జన్యువుల పనికీ సంబంధం ఉందని 1964లో విన్సెంట్ ఆల్‌ఫ్రీ చెప్పాడు. ఈ గుర్తుల్ని ఊడబెరికే ఎంజైములు వేరే ఉన్నాయి. బ్యూటిరేట్ ఆ ఎంజైముల చేతులు కట్టేస్తుందని 1970ల చివరలో ప్రయోగశాలలో పెంచిన కణాల్లో బయటపడింది. అప్పట్లో దాన్ని పరిశోధకులు పనిముట్టుగానే చూశారు. మన కడుపులో రోజూ తయారయ్యేది అదే కదా, మరి మనలోనూ అదే పని చేస్తోందా అన్న ప్రశ్న గట్టిగా వేసుకోవడానికి మూడు దశాబ్దాలు పట్టింది.

2012లో వచ్చిన జవాబు ఇది. ఆరోగ్యంగా ఉన్న పేగు కణం బ్యూటిరేట్‌ని ఇంధనంగా కాల్చేస్తుంది. క్యాన్సర్ కణం చక్కెరకి అలవాటు పడి బ్యూటిరేట్‌ని కాల్చదు. కాల్చనిది కణకేంద్రంలో పేరుకుంటుంది, అక్కడ ఆ ఎంజైముల్ని ఆపుతుంది, పెరుగుదలకి కళ్ళెం వేసే జన్యువులు తెరుచుకుంటాయి. ఒకే పదార్థం ఒక కణానికి తిండి, పక్క కణానికి బ్రేకు. మరుసటి ఏడాది జపాన్, అమెరికా బృందాలు విడివిడిగా ఇంకో ముఖ్యమైన సంగతి చెప్పాయి. రోగనిరోధక వ్యవస్థ అతిగా రెచ్చిపోకుండా చల్లబరిచే టీ కణాలు కొన్నున్నాయి. వాటికి ఫాక్స్‌పీ3 అనే జన్యువు తెరుచుకోవాలి. పేగులో బ్యూటిరేట్ ఉంటే ఆ జన్యువు దగ్గర అసిటైల్ గుర్తులు పెరిగి అలాంటి కణాలు ఎక్కువ తయారయ్యాయి. 2016లో ఎలుకల మీద జరిగిన ఒక పరిశోధనలో పేగులోనే కాదు, కాలేయంలో, కొవ్వులో కూడా హిస్టోన్ల గుర్తులు బాక్టీరియాని బట్టి మారాయి. పీచు తక్కువ, కొవ్వూ చక్కెరా ఎక్కువ ఉన్న మేత పెడితే ఆ తేడా చాలావరకు చెరిగిపోయింది.

బ్యూటిరేట్ మనిషి జన్యువుని తెరవగలదనడానికి బలమైన ఆధారం మాత్రం రక్తం నుంచి వచ్చింది. తల్లి కడుపులో ఉన్నప్పుడు పనిచేసే ఒక హిమోగ్లోబిన్ జన్యువు పుట్టాక మూతబడుతుంది. సికిల్ సెల్, తలసీమియా రోగులు ఆరుగురికి 1993లో సుసాన్ పెరిన్ బృందం బ్యూటిరేట్‌ని నరంలోకి ఎక్కిస్తే ఆ జన్యువు మళ్ళీ పనిచేసింది. అది నరంలోకి ఎక్కించిన మోతాదు. పేగులో తయారైనదాన్ని పేగు గోడ, తర్వాత కాలేయం ఆరగించేస్తాయి, రక్తంలో మిగిలేది కొంచెమే. అందుకే పేగు బాక్టీరియా మెదడు దాకా అన్ని జన్యువుల్నీ నడిపిస్తుందని ఎవరైనా గొప్పగా చెబితే ఆచితూచి వినాలి. ఆధారాలు గట్టిగా ఉన్నది పేగు గోడ దగ్గర, రోగనిరోధక కణాల దగ్గర.

మనుషుల్లో తిండి మార్చి చూసిన వాళ్ళూ ఉన్నారు. 2015లో ఒకరి తిండి ఒకరికి మార్చారు. ఇరవైమంది ఆఫ్రికన్ అమెరికన్లకి రెండు వారాలు దక్షిణాఫ్రికా పల్లెల పీచు తిండి, ఇరవైమంది దక్షిణాఫ్రికా పల్లెవాసులకి అమెరికా మాంసం, కొవ్వు తిండి. పీచు తిన్నవాళ్ళ పేగులో బ్యూటిరేట్ పెరిగింది, పేగు పొరలో వాపు లక్షణాలు తగ్గాయి. రెండోవాళ్ళలో సరిగ్గా తలకిందులైంది. రెండు వారాలకే.

ఇక మన పళ్ళెం. డెల్టాలో వరి తప్ప వేరే మాటే లేదు. మార్టేరు వ్యవసాయ పరిశోధనా స్థానం 1982లో ఇచ్చిన ఎంటీయూ 7029, అదే స్వర్ణ, దేశమంతా పాకింది. 2011లో అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ, ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు కలిసి 235 రకాల బియ్యాన్ని పరీక్షించారు. అన్నం తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చూపే గ్లైసీమిక్ సూచీ 48 నుంచి 92 దాకా ఉంది. స్వర్ణ తక్కువ సూచీ ఉన్నవాటిలో నిలిచింది. దానిలో అమైలోజ్ అనే పిండిపదార్థం ఎక్కువ. వండిన అన్నం చల్లారితే అమైలోజ్ గొలుసులు మళ్ళీ దగ్గరగా పేరుకుంటాయి. ఆ భాగాన్ని మన ఎంజైములు తెంచలేవు, అది నేరుగా పెద్దపేగు బాక్టీరియాకి చేరుతుంది. చద్దన్నంలో ఈ లాభం కొంత ఉంది, పైగా పులిసే బాక్టీరియా ఉంటుంది. అయితే ఎండాకాలంలో అన్నాన్ని త్వరగా చల్లార్చి, నీళ్ళో మజ్జిగో పోసి, మర్నాడు పొద్దున్నే తినెయ్యాలి. వేడిగా మూతపెట్టి వదిలేసిన అన్నంలో పెరిగే బాక్టీరియా వాంతులు తెప్పిస్తుంది.

అరగని పిండిపదార్థం శక్తి ఎంతటిదో వెల్లూరు వైద్యులు 2000లో కలరా రోగుల్లో చూపించారు. మామూలు ఓఆర్ఎస్‌లో అరగని మొక్కజొన్న పిండి కలిపితే విరేచనాల్లో పోయే నీరు తగ్గింది. బాక్టీరియా చేసిన ఆ చిన్న ఆమ్లాలు పెద్దపేగు చేత ఉప్పుని, దాంతో నీటిని, లోపలికి పీల్పించాయి.

ఈ విషయం తెలిసిన దగ్గర్నుంచి బ్యూటిరేట్ మాత్రలు అమ్మేవాళ్ళూ తయారయ్యారు. మామూలు మాత్ర మింగితే అది పైపేగులోనే ఒంటబడిపోతుంది, అవసరమైన చోటికి చేరేది తక్కువ. అరటికాయ, పెసలు, ఉలవలు, బొబ్బర్లు, గోంగూర, తోటకూరల్లోని పీచు అక్కడికి చేరుతుంది. ఆకుకూరల్లో ఫోలేట్ కూడా దండిగా ఉంటుంది. జ్వరం రాగానే చీటీ లేకుండా మందుల షాపులో యాంటిబయోటిక్ కొని రెండురోజులు మింగి ఆపేసే అలవాటు మాత్రం మానుకోవాలి. పిల్ల ఎలుకలకి యాంటిబయోటిక్ చిన్న మోతాదులో ఇస్తే పేగులో ఈ ఆమ్లాల పాళ్ళు, కాలేయంలో కొవ్వు జీవక్రియ మారిపోయి ఒళ్ళు చేశాయని 2012లో మార్టిన్ బ్లేజర్ బృందం చూపించింది. పప్పుదినుసులు అలవాటు లేనివాళ్ళు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరిస్తుంది. వారానికి కొంచెం చొప్పున పెంచుకుంటూ పోతే లోపలి బాక్టీరియా కూడా ఆ తిండికి తగ్గట్టు పెరుగుతుంది, ఉబ్బరం తగ్గుతుంది.